పుట్టమన్ను కోర్టు

మా దేశంలో టెన్నిస్ ఎలా మొదలైందో రాసి పంపమని
ఫెడరేషన్ వాళ్లు ఒక కాగితం ఇచ్చారు.
మూడు గళ్లు: సంవత్సరం, గెలిచినవారు, ఓడినవారు.
తాత ఏ గడిలోనూ పట్టలేదు.

జోంబా కొండ కింద
చెదలు వందేళ్లు నమిలి కట్టుకున్న పుట్టను
గునపంతో పగలగొట్టింది తాతే.
నానబెట్టి, తొక్కి, పరిచి,
రోలరుకు తాడు కట్టి, తనే ఎద్దయి లాగాడు.
నీళ్లు నిలవని నేల, బంతి నడుమెత్తు లేచే నేల.
చీమలింట్లో పాములు దిగడం పాత సంగతే.
మా పాములు తెల్ల నిక్కర్లు వేసుకునేవి,
ఆటయ్యాక నిమ్మరసం తాగేవి.

తాత పేరు వైసన్ మక్వింజా.
క్లబ్బు జీతాల పుస్తకంలో "బాయ్".
ముప్పై ఎనిమిదేళ్లప్పుడు కూడా బాయే.
బంతి ఏరాలి, తుడవాలి, చేతికివ్వాలి,
విసరకూడదు.
దొరలు సున్నాని లవ్ అంటారని ఓ రాత్రి చెప్తే
"అయితే నీ జీతానికి అదన్నమాట పేరు"
అందట అవ్వ, గంజి కలుపుతూ.

నలభై తొమ్మిదిలో వాన మొహం చాటేసింది.
మొక్కజొన్న నిలువునా మాడింది.
శనివారం పోటీలు మాత్రం ఆగలేదు.
తెల్లవారుజామున తాత సున్నంతో గీతలు గీస్తుంటే
కంచె దాటి ఒకావిడ వచ్చింది, వీపున బిడ్డ.
వంగి, వేలితో గీతను తీసి
నాలుక మీద పెట్టుకుంది.
పిండి కాదమ్మా, అని అరిచాడు తాత.
తెలుసు, అంది.
ఆ మధ్యాహ్నం బేస్‌లైను ఒకచోట వేలెడు తెగి ఉంది.
బంతి లోపలా బయటా అని
దొరలు చాలాసేపు వాదించుకున్నారు.
తాత నోరు విప్పలేదు.
నాకూ ఒక్కసారే చెప్పాడు, గోడ వైపు తిరిగి.

అరవై నాలుగులో జెండా మారింది.
దొరలు ఒక్కొక్కరే పెట్టెలు సర్దుకున్నారు.
తాళంచెవి తాత దగ్గరే మిగిలిపోయింది.
మొదటిసారి ఆట కోసం కోర్టులో నిలబడితే
కుడిచేతిలో రాకెట్టు ఉన్నా
ఎడంచెయ్యి దానంతటదే బంతిని తుడిచిందట.
పోస్టాఫీసు గుమాస్తా చేతిలో ఓడాడు,
ఆరు, లవ్.
ఇది ఏ రికార్డులోనూ లేదు. గడి బయట రాస్తున్నాను.

తర్వాత నెట్టు చేపలవాళ్లకు అమ్మేశాడు,
అమ్మ బడి ఫీజు కోసం.
దాని గురించి నేనేమీ అనను.

ఇప్పుడు నా బడిలో నలభై ముగ్గురు పిల్లలు,
తొమ్మిది రాకెట్లు,
రెండింటికి తీగల్లేవు.
వడ్రంగి లికోస్వె నీలగిరి చెక్కతో ఇంకో పది చేశాడు,
బరువుకి మణికట్లు వాస్తాయి.
గినీకోడి ఈకలు మొక్కజొన్న బెండుకి గుచ్చి
బ్యాడ్మింటన్ మొదలెట్టాం.
పొగాకు గోదాము గోడ మీద స్క్వాష్.
గోడ ఆసామి నెలకోసారి వచ్చి అరుస్తాడు,
వాళ్లబ్బాయి మా దగ్గరే ఆడతాడు.

కోర్టుకు పుట్ట తవ్వాలన్నాను.
సగమే తవ్వండి టీచర్, అంది ఫలెసి.
ఎందుకని అడిగితే నవ్వింది.

తొలివాన వెలిసిన సాయంత్రం తెలిసింది.
సర్వు చెయ్యబోతూ ఎత్తిన చెయ్యి
అలాగే ఆపింది ఫలెసి.
మిగిలిన సగం పుట్టలోంచి ఉసిళ్లు లేచాయి,
పొగలాగా, ఇంకా, ఇంకా.
బంతులు ఎక్కడివక్కడ వదిలేసి
నలభై ముగ్గురూ గాలిలోకి రాకెట్లు ఊపారు:
ఫోర్‌హ్యాండ్, బ్యాక్‌హ్యాండ్,
నేను ఏడాదిగా మొత్తుకున్నా రాని ఓవర్‌హెడ్.
తీగల నిండా రెక్కలు.
ఎవరో బకెట్టు తెచ్చారు, ఎవరో ఉప్పు.

వేయించినవి పొట్లం కట్టడానికి
చేతికందిన కాగితం తీశాను.
మూడు గళ్లూ నూనె పీల్చుకున్నాయి.
ఇంకొకటి పంపమని ఫెడరేషన్‌కి రాయాలి.